అమ్మన్నమ్మ గారి పదవి

కోల్‌కతా,
ఆగస్టు 3, ఆదివారం.

కార్ నికోబార్‌లో కూర్చుని సముద్రం మీది గాలుల లెక్కలు రాసే శ్రీవారికి,

మైథిలి నమస్కారాలు. ఇక్కడ నేనూ పండూ కులాసా. మీరూ అక్కడ కులాసాగా ఉన్నారనీ, వేళకి తింటున్నారనీ అనుకుంటున్నాను. రెండోది మాత్రం నమ్మకం లేకుండానే అనుకుంటున్నాను.

ఫోనులో చెబుదామంటే మీ దీవి ఒక మాట వినిపించి మూడు మాటలు మింగేస్తుంది. ఈసారి చెప్పాల్సినది అలా ముక్కలుగా చెప్పేది కాదు. మీ ఆఫీసు భానుమూర్తి గారు సెలవు అయిపోయి బుధవారం ఓడ ఎక్కుతున్నారు కదా, ఆవకాయ సీసాతో పాటు ఈ ఉత్తరం కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. సీసా మూతికి గుడ్డ కట్టాను. ఆయన దారిలో ఆ గుడ్డ విప్పకపోతే అది మీ అదృష్టం.

ముందు మీ ప్రశ్నలకి జవాబులు. పండు పన్ను ఊడిపోయింది. ఏడవలేదు, బడికి వెళ్ళి అందరికీ చూపించుకొచ్చింది. ఆ పన్ను నాన్నకే ఇవ్వాలట. ఈ కవరులో చిన్న కాగితం పొట్లం ఉంటుంది, ఏదో చెత్త అని పారేయకండి. వంటింటి గోడ చెమ్మ తగ్గలేదు, పెరిగింది కూడా. మేస్త్రీ వచ్చి చూసి, వర్షాలు తగ్గాక వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. పండు తెలుగు ఎంతవరకు వచ్చిందని అడిగారు. ఒత్తుల దగ్గర ఆగింది. 'నాన్న' అని రాయమంటే 'నాన' అని రాసి, "ఇంకో న కింద పెట్టాలంటే చోటు లేదు" అంటోంది. బెంగాలీలో 'బాబా' అయితే గబగబా రాసేస్తుంది. దానికి మీరే వచ్చి ఒత్తులు నేర్పుకోండి.

నా పోర్ట్‌బ్లెయిర్ ట్రాన్స్‌ఫర్ ఏమైందని రెండుసార్లు అడిగారు, రెండోసారి కింద గీత కూడా గీశారు. అది చివర రాస్తాను. మీరు కాగితాలు తిప్పేసి ముందే చివరికి వెళ్ళిపోకండి. మీ సంగతి నాకు తెలుసు.

ఇక, "మీ బర్మా మామ్మ పని అయిందా?" అని అడిగారు చూడండి, ఆ ప్రశ్నకే ఈ ఉత్తరమంతా జవాబు.

మా ఆఫీసు మీకు కొత్త కాదు. పై దేశాల నుంచి వచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్ళ కాగితాలన్నీ మా దగ్గరికే వస్తాయి. ఉండడానికి అనుమతి, గడువు పెంపు, పౌరసత్వం, అన్నీ. వచ్చేవి వస్తూనే ఉంటాయి, పోవాల్సినవి పోవు. పోయిన నెల లెక్క వేస్తే పెండింగు పదకొండు వేలు దాటింది. బీరువాలు నిండి, మెట్ల కింద నిండి, ఇప్పుడు లిఫ్టు పక్కన కూడా ఎర్రగుడ్డ మూటలు పెట్టారు. లిఫ్టు ఆగినప్పుడు మనిషి బయటికి రావాలంటే ఒక మూట దాటాలి.

మొన్న ఆడిట్ వాళ్ళు వచ్చారు. ఒక్కో దరఖాస్తు మీద మనకి వచ్చే ఫీజెంత, దాన్ని ఏళ్ళ తరబడి దాచి, వెతికి, నోటీసులు పంపడానికి అయ్యే ఖర్చెంత అని అడిగారు. మా హెడ్ క్లర్కు తెలుసు కదా, అందరూ బొరోబాబు అని పిలుస్తారు, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఆ లెక్క తేల్చాలంటే ఇంకో ఇద్దరు క్లర్కులు కావాలి సార్" అన్నారు. ఆడిట్ వాళ్ళు ఆ మాట కూడా రాసుకున్నారు.

ఆ పదకొండు వేల మందిలో అమ్మన్నమ్మ గారు ఒకరు. మీరు ఆవిణ్ణి ఒక్కసారే చూశారు, ఆవిడ తెచ్చిన బర్మా నూడిల్స్ మాత్రం చాలాసార్లు తిన్నారు. చింతపండు రసం, వేయించిన ఉల్లిపాయ వేసి చేస్తుందే, 'అత్తో' అంటుంది, మీరు "అత్త చేతి అత్తో" అని పేరు పెట్టారు. పుట్టింది రంగూన్‌లో. తల్లిదండ్రులది శ్రీకాకుళం వైపు. అరవై నాలుగులో అక్కడి నుంచి మనవాళ్ళంతా కాందిశీకులై ఓడలెక్కినప్పుడు ఆవిడకి తొమ్మిదేళ్ళు. ఐదేళ్ళ చెల్లెలు దాలమ్మకి ఓడ బయలుదేరే ముందు రోజు అమ్మవారు పోసింది. అలాంటి పిల్లని ఓడ ఎక్కనివ్వలేదు. తండ్రి చిన్నదాన్ని పట్టుకుని రేవులో ఉండిపోయాడు, తల్లి పెద్దదాన్ని పట్టుకుని ఓడెక్కింది. నెల్లాళ్ళలో వచ్చేస్తామన్న తండ్రి రానేలేదు.

ఆ తర్వాత తల్లి పోవడం, కాగితాల సంగతి చూసేవాళ్ళు లేకపోవడం. అమ్మన్నమ్మ గారు ఏక్‌బాల్‌పూర్‌లో ఒక ఓడరేవు కూలీని పెళ్ళి చేసుకుని, ఆసుపత్రిలో ఆయాగా చేసి, కూతురికి పెళ్ళి చేసి, ఇప్పటికీ కాగితాల మీద బర్మా మనిషే. ఏటా అనుమతి పొడిగించుకోవాలి. దానికి ఫోటోలు, నోటరీ, ఫీజు, ఆలస్యమైతే జరిమానా. చెల్లెలు ఇంకా రంగూన్‌లోనే ఉంది. ఆమెకి కిడ్నీలు పాడై రెండేళ్ళయింది, ప్రయాణం చేసే స్థితి కాదు. అక్కే వెళ్ళాలి. వెళ్ళాలంటే పాస్‌పోర్టు కావాలి, దానికి పౌరసత్వం కావాలి. అది లేకుండా వెళ్తే మళ్ళీ కూతురి దగ్గరికి రానివ్వరు. ఆవిడ దరఖాస్తు పెట్టి ఏడేళ్ళు.

ఏడేళ్ళుగా నెలకోసారి వస్తుంది. చేత్తో రాసిచ్చిన చీటీ నంబరు చూపిస్తుంది. ఆ నంబరు కంప్యూటరుకి తెలియదు. నేను కంప్యూటరులో బొంతు అమ్మన్నమ్మ అని కొడతాను, రాదు. "ఇంకా ఎక్కించినట్టు లేరు మామ్మా, పెండింగులో ఉండి ఉంటుంది" అంటాను. మా దగ్గర కనపడనిదల్లా పెండింగే కదా, నాకెప్పుడూ అనుమానం రాలేదు. "ఉన్నాది గదా, అదే సాలు" అని డబ్బా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోతుంది.

జూలై నెలలో వచ్చినప్పుడు డబ్బా లేదు. దాలమ్మకి వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేస్తున్నారని చెప్పి, "పాపా, ఒక్కపాలి సరిగ్గ ఎతుకు తల్లీ" అంది. ఏడేళ్ళలో ఆవిడ నన్ను 'సరిగ్గా వెతుకు' అనడం అదే మొదలు. నాకు సిగ్గేసింది. ఆ గురువారం మధ్యాహ్నం భోజనం మానేసి, బొరోబాబుని వెంటబెట్టుకుని, 2018 అక్టోబరు మూటలు విప్పించాను.

ఆ అక్టోబరు మీకు గుర్తుందా? నేను ప్రమోషన్ మీద ఇక్కడికి వచ్చిన కొత్త. బెంగాలీ ఒక్క ముక్క రాదు. రెండో రోజే సర్వర్ పడిపోయింది. బయట గుమ్మం దాకా క్యూ. బొరోబాబు తన సీట్లోంచే, "చీటీల మీద రాసేయండి, నామ్, పొదొబి, ఠికానా, అంతే చాలు" అని కేకేశారు. నామ్ అంటే పేరని తెలుసు. ఠికానా అంటే చిరునామా అని తెలుసు. పొదొబి అంటే మన పదవే అనుకున్నాను. ఎందుకనుకోను? ఒక్కొక్కరినీ పొదొబి అడుగుతుంటే ఒకాయన సర్కార్ అన్నాడు, ఒకాయన మజుందార్ అన్నాడు, తర్వాతాయన తాలూక్‌దార్, ఆ వెనక మున్షీ. బంగ్లాదేశ్ నుంచి ఇంతమంది పెద్ద ఉద్యోగులు వచ్చేశారేమిటా అనుకున్నాను. ఇంటికొచ్చి మీతో చెబితే మీరు పొట్ట పట్టుకుని నవ్వారు, ఇక్కడ పొదొబి అంటే ఇంటిపేరు అని చెప్పారు. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి సరిగ్గా రాశాను. ముందురోజు రాసిన చీటీల్లో తప్పేమీ లేదనుకున్నాను, ఎందుకంటే బెంగాలీ వాళ్ళంతా ఇంటిపేర్లే చెప్పారు కదా.

ఒక్క చీటీ తప్ప. ఆ రోజు క్యూలో ఒకే ఒక తెలుగావిడ వచ్చింది. పరాయి ఊళ్ళో తెలుగు వినపడేసరికి నా ప్రాణం లేచొచ్చింది. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, బెంగాలీ మాట పక్కన పెట్టి, చక్కగా తెలుగులో అడిగాను:

"మామ్మా, మీ పదవేమిటి?"

"పదవా! నాకేటి పదవి తల్లీ? ఆయాని" అని పకపకా నవ్వింది.

నేనూ నవ్వుతూ రాశాను. పేరు: అమ్మన్నమ్మ. పొదొబి: ఆయా.

గురువారం ఆ చీటీ నా చేతిలోకి వచ్చింది. నా అక్షరాలే. దరఖాస్తు లోపల ఆవిడ పేరు సరిగ్గానే ఉంది, కానీ కంప్యూటరులోకి ఎక్కించిన కాంట్రాక్టు వాళ్ళు పైన గుచ్చిన చీటీ చూసే కొట్టారు. ఆవిడ ఇంటిపేరు 'ఆయా' అయిపోయింది. ఆ పేరుతో ఏడు నోటీసులు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళాయి. ఆవిడ ఉండే సందులో ఆవిణ్ణి అందరూ 'బర్మా నానీ', అంటే బర్మా అమ్మమ్మ, అంటారు, ఆయాలేమో పదిమంది ఉన్నారు. పోస్టుమ్యాన్ ఏడుసార్లూ 'ఇలాంటి మనిషి లేరు' అని తిప్పి పంపాడు. రెండేళ్ళ కిందట, మార్చి లోపల పెండింగు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, జవాబు రాని మూడు వందల ఫైళ్ళు ఒకే జాబితాలో మూసేశాం. ఆ జాబితాలో ఆవిడ ఉంది. ప్రతి పేజీ అడుగునా పొట్టి సంతకం ఉంది. అదీ నాదే.

ఆ రోజు నేను తెలుగులో మాట్లాడి ఆదుకున్నాననుకున్న ఒక్క మనిషికే ఇలా జరిగింది. ఎవరో బెంగాలీ క్లర్కు కూర్చుని ఉంటే ఆవిడ ఈపాటికి రంగూన్ వెళ్ళి వచ్చేసేది.

మూసిన ఫైలు తెరవడానికి దారులు రెండే. దరఖాస్తుదారు పొరపాటైతే అంతా కొత్తగా పెట్టుకోవాలి: మళ్ళీ ఫీజులు, ఫైలు మూసిన నాటి నుంచి పొడిగింపులు చెల్లవు కాబట్టి ఆ రెండేళ్ళకీ జరిమానా, పదకొండు వేల మంది వెనక చోటు. ఆఫీసు పొరపాటైతే పాత తేదీతోనే తెరుచుకుంటుంది, జరిమానా లేదు, వరసలో ముందుకి వస్తుంది. అయితే పొరపాటు ఎవరు చేశారో వాళ్ళు రాసిచ్చి సంతకం పెట్టాలి. పెడితే వాళ్ళ మీద విచారణ నడుస్తుంది. విచారణ తేలేదాకా ట్రాన్స్‌ఫర్లు, ప్రమోషన్లు ఉండవు.

బొరోబాబు చీటీ చూశారు, నా మొహం చూశారు. ఆయన నన్ను 'బౌమా' అంటారని మీకు తెలుసుగా, కోడలిపిల్లా అని. "బౌమా, ట్రాన్స్‌ఫర్ జాబితా నేనే టైపు చేశాను. నీది నాలుగో పేరు. ఈ మూటల్లో చెదలు చాలా కాగితాలు తినేశాయి" అని, టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆయన టీ తాగే వేళ కాదది. నాకోసమే వెళ్ళారు.

నేను చీటీ చింపలేదు. బల్ల మీదా పెట్టలేదు. టిఫిన్ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇది మీకు తప్ప ఎవరికీ చెప్పను. గురు, శుక్ర, శని, మూడు రోజులు అది మన దేవుడి గూట్లో, పసుపు డబ్బా కింద ఉంది. అక్టోబరులో మీరు పోర్ట్‌బ్లెయిర్‌కి మారిపోతున్నారు, మనం ముగ్గురం ఒక ఇంట్లో ఉంటాం అని రెండేళ్ళుగా రోజులు లెక్కపెడుతున్నాను. పండు గవ్వలు దాచుకోవడానికి డబ్బా కూడా కడిగి పెట్టుకుంది. మామ్మకి నా చేత్తో కొత్త దరఖాస్తు పెట్టిద్దాం, ఫీజులన్నీ నేనే కడదాం, ఎవరికీ తెలియక్కర్లేదు అనుకున్నాను. అనుకున్నానండీ. నేను అంత మంచిదాన్నేమీ కాదు.

పోయిన ఆదివారం ఏక్‌బాల్‌పూర్ వెళ్ళాను. వాన, మోకాలిలోతు నీళ్ళు, రేవు లారీలు బురద చిమ్ముతున్నాయి. వెళ్ళేసరికి ఆవిడ చెల్లెలితో ఫోనులో ఉంది. మనవరాలు ఫోను పట్టుకుంది. దాలమ్మ మంచం మీద, సన్నగా, అచ్చం అక్క మొహమే. అక్క బర్మా మాటలు మర్చిపోయింది, చెల్లెలు తెలుగు మర్చిపోయింది. ఇద్దరికీ కలిసి ఓ ఇరవై మాటలు మిగిలాయి. "అక్కా, బువ్వ తిన్నావా?" అంది దాలమ్మ. "తిన్నానమ్మా. నువ్వు?" "అక్కా, ఎప్పుడొస్తావు?" అంతే. తర్వాత ఇద్దరూ ఊరికే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు, ఫోను ఛార్జింగు అయిపోయేదాకా.

చీటీ తీసి చూపించి అంతా చెప్పేశాను. ఏడ్చాను కూడా. ఆవిడ చీటీని అటూ ఇటూ తిప్పింది. మొదట నవ్వింది.

"నువ్వు అడిగినావు, నాను సెప్పినాను. ఇద్దరం కలిసే రాసీసినాం. నీదొక్కద్దానిదే ఎలగవుద్ది?"

నా ట్రాన్స్‌ఫర్ సంగతి ఆవిడకి ముందే తెలుసు, నేనే చెప్పి మురిసిపోయాను. అడిగి అడిగి, సంతకం పెడితే ఏమవుతుందో నా నోటితోనే చెప్పించింది. అప్పుడు నవ్వు ఆపేసింది.

"అయితే ఎట్టకు. ఆ కాగితం సింపీయ్. నెల్లాల్లు అన్నారు తల్లీ మాకు, ఓడ కాడ. నెల్లాల్లు అరవయ్యేల్లయిపోనాయి. మద్దిన సముద్రం ఉంటే అలగే ఎల్లిపోతాయి రోజులు. నీ పిల్ల సిన్నది. నువ్వు నీ పెనిమిటి కాడికి ఎల్లిపో. నాను మల్లీ కొత్తగ రాసుకుంటాను. ఈ పాలి నా పదవేటని అడగరు గదా" అంది.

ఏమండీ, ఆవిడ "పెట్టు తల్లీ, నాకోసం పెట్టు" అని బతిమాలి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఇంకో వారం దేవుడి గూట్లోనే ఉంచేదాన్నేమో. సముద్రానికి ఇవతల అరవై ఏళ్ళు ఉండిపోయిన మనిషి, తన చెల్లెల్ని వదులుకుని నన్ను మీ దగ్గరికి వెళ్ళమంది. ఆ మాట విన్నాక ఎలా వెళ్ళను?

సోమవారం పొద్దున్నే రాసిచ్చాను. మా ఆఫీసరు సార్ రెండుసార్లు చదివి, "దీనివల్ల మీకు ఏమవుతుందో తెలుసా?" అని అడిగారు. తెలుసన్నాను. ఫైలు మీద 'ఆఫీసు పొరపాటు, పాత తేదీ వర్తిస్తుంది' అని రాశారు. నాకు మెమో ఇచ్చారు. ఆ ఏడు రిజిస్టర్డ్ నోటీసుల ఖర్చు నా జీతంలోంచి మినహాయిస్తారట. ఆడిట్ వాళ్ళు ఎంతకాలంగానో వెతుకుతున్న ఖర్చుకి చివరికి ఒక మనిషి దొరికింది, బొరోబాబుకి సంతోషం.

ఆ సాయంత్రం అమ్మన్నమ్మ గారిని పక్కన కూర్చోబెట్టుకుని నేనే సరిదిద్దాను. ఇంటిపేరు: బొంతు. పేరు: అమ్మన్నమ్మ. వృత్తి: ఆయా. ఆవిడ నాతో మాట్లాడలేదు. సంతకం పెట్టానని కోపం. లేచేటప్పుడు మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

ఫైలు మంగళవారం ఢిల్లీ వెళ్ళింది. ఆరు వారాలంటున్నారు. మావాళ్ళ ఆరు వారాలంటే ఏమిటో నాకు తెలుసు కాబట్టి రోజూ ఫోను చేస్తున్నాను. నా గొంతు వినగానే అక్కడాయన "బొంతు?" అంటున్నాడు. ఆ మాట వినడానికైనా చేస్తున్నాను.

ఇప్పుడు చివరికి వచ్చాం. జాబితా శుక్రవారం వచ్చింది. నాలుగో పేరు వేరే ఎవరిదో. విచారణ తేలేసరికి వచ్చే ఏడాది అవుతుందంటున్నారు. నేను రావడం లేదండీ.

మిమ్మల్ని అడక్కుండా చేశాను. అడిగితే మీరు వద్దంటారని కాదు. మీరు వద్దంటే నేను వినేస్తానేమోనని భయపడ్డాను. ఈ తప్పు మాత్రం పూర్తిగా నాదే, దీన్ని ఇద్దరం కలిసి రాయలేదు. కోప్పడండి. కాని రెండు రోజుల్లో అవగొట్టేయండి, మీకు ఎక్కువసేపు కోపం ఉంటే తిండి సయించదు. పండుకి చెప్పాను. గవ్వల డబ్బా మూత పెట్టి, "అయితే బాబానే తెమ్మను" అంది. దసరా పూజ సెలవులకి మీరే రండి. గవ్వలు తీసుకురండి. దానికి ఒత్తులు నేర్పండి. వంటింటి గోడ అప్పటికి ఆరుతుంది.

మీరు లేక ఇల్లు బాగులేదు. రెండేళ్ళుగా ఏ ఉత్తరంలోనూ ఈ మాట రాయలేదు, రాస్తే మీరు బెంగ పెట్టుకుంటారని. ఇవాళ ఏదీ దాచదలుచుకోలేదు కాబట్టి రాసేశాను.

ఇట్లు,
పేరు: మైథిలి
పొదొబి: మీ ఇంటిపేరే
పదవి: మీ భార్య. దీనికి బదిలీలు లేవు.